అనుమానించుటకు అనుమతి

గోనెసంచుల ప్రమాణాల ప్రాంతీయ కార్యాలయంలో ఎవరైనా దేన్నైనా అనుమానించాలంటే ముందుగా పై అధికారి అనుమతి పొందాలన్న నిబంధన కనకరత్నం మూలంగానే వచ్చింది. అంతకుముందు ఆ ఆఫీసులో ఎవరి అనుమానాలు వాళ్ళకుండేవి. క్యానులో తెచ్చే మంచినీళ్ళు కుళాయి నీళ్ళేనేమోనని ఒకరు, క్యాషియరుగారిది సొంత జుట్టు కాదేమోనని ఇంకొకరు, ఎవరినీ అడగకుండా హాయిగా అనుమానించుకుంటూ కాలక్షేపం చేసేవారు.

కనకరత్నం అక్కడ సీనియర్ అసిస్టెంటు. యాభై దాటిన మనిషి. పోయిన వేసవిలో 'పనిచేసేచోట భద్రత' అని విజయవాడలో రెండు రోజుల శిక్షణ పెట్టి, ఆఫీసుకొకరిని పంపమన్నారు. ఒకరు మేనకోడలి పెళ్ళి అన్నారు, ఒకరు బీపీ అన్నారు. కనకరత్నం మాత్రం, రెండు రోజులు ఎవరో వండిపెడితే కూర్చుని తినొచ్చు కదా అని వెళ్ళింది. వెళ్ళి ఊరుకోక, చెప్పింది విన్నది. చేసిన తప్పల్లా అదే. అలాంటి శిక్షణకు వెళ్ళినవాళ్ళు అక్కడిచ్చిన బ్యాగూ, పెన్నూ, బ్యానరు ముందు దిగిన ఫొటో తెచ్చుకుంటారు గాని విషయం తెచ్చుకోరు.

ఆవిడ తెచ్చుకున్న విషయం ఇది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే నార కలిసి ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం ఆ నార దాన్లోనే పడి ఉంటుంది. బెజ్జం వేసినా, కోసినా, విరగ్గొట్టినా కంటికి కనపడని పోగులై గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. ఏ ఇరవై ముప్ఫై ఏళ్ళకో జబ్బు బయటపడుతుంది. 'అదేనేమోనని అనుమానం కలిగితే చాలు, రుజువు కోసం ఆగకండి' అని మరీ మరీ చెప్పారు. పని ఆపాలి. అందరూ బయటికి రావాలి. ఊడవకూడదు, దులపకూడదు, ఫ్యాను వెయ్యకూడదు. తలుపు మూసి, పైవాళ్ళకు చెప్పి, ఆ పని తెలిసినవాళ్ళు వచ్చేదాకా లోపలికి ఎవరినీ పోనివ్వకూడదు.

ఆఫీసు వెనక ఒక రేకుల షెడ్డుంది. నాచు పట్టి నల్లబడిన సిమెంటు రేకులు. సిబ్బంది మధ్యాహ్నం భోజనాలు అక్కడే. ఆషాఢమాసంలో హైదరాబాదు నుంచి కమిషనరుగారు తనిఖీకి వస్తున్నారని తెలిసి, ప్రాంతీయాధికారి పానకాలరావుగారు ఆ గదిని 'అతిథుల భోజనశాల'గా మార్చమన్నారు. మార్చడమంటే ఒక కొత్త సీలింగు ఫ్యాను బిగించడం.

ఎలక్ట్రీషియన్ బాజీ సరిగ్గా అందరూ గిన్నెలు విప్పుకున్న వేళకు నిచ్చెన వేసుకుని వచ్చాడు. పైన ఇనప పైపుకు కొక్కెం తగిలించాలంటే రేకులో బెజ్జం పెట్టాలన్నాడు. డ్రిల్లు గిర్రుమంది. రేకు ఫట్టున చీలి ఒక పెచ్చు విరిగి కింద పడింది. తెల్లటి పొడి బాజీ తలమీదా, బల్లమీదా, తెరిచిన గిన్నెల్లోనూ జల్లెడ పట్టినట్టు రాలింది. మూలనున్న టేబుల్ ఫ్యాను ఆ పొడిని గదంతా తిప్పుతోంది.

కనకరత్నం చేతిలో గోంగూర ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఆపు బాజీ! ఆపెయ్! ముందా ఫ్యాను కట్టెయ్యండెవరైనా!"

సూపరింటెండెంటు సత్యానందంగారు తన గిన్నెలోకి వంగి చూశాడు. "ఏముందమ్మా, సున్నమే కదా. ఉఫ్ మని ఊదేసుకుంటే సరి."

"ఊదకండి సార్! లేవండి. గిన్నె అక్కడే వదిలెయ్యండి."

"కొరమీను పులుసమ్మా! మా ఆవిడ తెల్లారకట్ల లేచి..."

"కొరమీనైనా సరే. లేవండి."

పెళ్ళి పందిట్లో పిల్లల్ని గదిమే పెద్దమ్మలా ఆవిడ అందరినీ బయటికి తోలింది. తలుపు మూసి, గడియ పెట్టి, తాళం వేసి, తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కింది. బాజీ చొక్కా దులుపుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. తడి తువ్వాలుతో తలా మొహం తుడిపించి, చొక్కా నెమ్మదిగా విప్పించి, ఆ రెండూ కవర్లో పెట్టి మూతి కట్టించింది. ఆఫీసులో వస్త్రమంటూ ఉన్నది గోనె నమూనాలే కాబట్టి, వాటిలో మొదటి రకం సంచికి మూడు కంతలు పెట్టి బాజీకి తొడిగారు. పాపం, అది అతనికి బాగానే నప్పింది.

మిగతావాళ్ళు ఖాళీ కడుపులతో వరండాలో నిలబడి కనకరత్నంకేసి చూశారు. ఆ చూపుల్లో కృతజ్ఞత ఎక్కడా లేదు. ఆవిడ గిన్నె కూడా లోపలే ఉండిపోయింది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి ఇచ్చిన నాలుగు గిన్నెల క్యారియరు అది.

"ఇంతకీ ఆ పొడి మీరు చెప్పేదేనని రుజువేంటమ్మా?" అన్నాడు సత్యానందంగారు, తాళంకేసి దిగులుగా చూస్తూ.

"రుజువు లేదండి. అనుమానం."

"ఓహో," అన్నాడాయన. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషి 'ఓహో' అన్నాడంటే ఎక్కడో ఒక ఫైలు పుట్టిందన్నమాట.

సాయంత్రానికి పిలుపొచ్చింది. పానకాలరావుగారు ఆవిడను కూర్చోమనలేదు.

"కనకరత్నంగారూ, మీ ఉద్యోగ బాధ్యతలేమిటి?"

"టపా తీసుకోవడం, నెలవారీ నివేదికలు, గోనె నమూనాలు జాగ్రత్త చెయ్యడమండి."

"వీటిలో అనుమానించడం ఉందా?"

"లేదండి."

"మరి ఏ అధికారంతో అనుమానించారు?"

"అధికారమేముందండీ, అదే వచ్చింది."

"అదే రావడానికి జలుబాండీ? అనుమానమంటే పరిపాలనాపరమైన చర్య. దాని వెనక ఖర్చుంది. గది మూసేశారు. పని ఆగిపోయింది. ఎక్కడినుంచో మనుషుల్ని పిలిపించాలంటున్నారు. ఇంత ఆర్థికభారంతో కూడిన అనుమానం సీనియర్ అసిస్టెంటు స్థాయిలో ఎలా కలుగుతుంది?" ఆవిడ శిక్షణ నుంచి తెచ్చిన కాగితాన్ని ఆయన వేలితో కొట్టారు. "ఇందులో 'అనుమానం కలిగిన యెడల' అని రాశారు. ఎవరికి కలిగిన యెడల? చెప్పలేదు. లోపమంతా ఇక్కడుంది. వాచ్‌మన్‌కి కలిగినా మూసెయ్యడమేనా? రేపు మీకు నా గది మీదే అనుమానం కలిగితే?"

కనకరత్నం అప్రయత్నంగా తలెత్తి పైకి చూసింది. ఆయనా చూశారు. పైన స్లాబుంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. 'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఈ కార్యాలయ ఆవరణలో ఏ విషయముపై గాని, ఏ వస్తువుపై గాని, ఏ స్థాయి ఉద్యోగియు ప్రాంతీయాధికారి ముందస్తు అనుమతి లేనిదే అనుమానించరాదు. అనుమతి లేని అనుమానము క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును.' కింద ఇంకో పేరా ఉంది. భోజనశాల విషయంలో మంజూరైన అనుమానం ఏదీ లేదు కనుక అందులో ప్రమాదం కూడా లేదనీ, స్వీపరు నూకాలు ఆ గదిని తక్షణం ఊడ్చి శుభ్రపరచాలనీ దాని సారాంశం.

అది చదివి కనకరత్నం గబగబా నూకాలును వెతుక్కుంటూ బయల్దేరింది.

నూకాలు కాంట్రాక్టు మనిషి. ఏడాదికోసారి కాగితం తిరగరాస్తేనే ఉద్యోగం. పని తెమలక ఆలస్యమైన రోజుల్లో, మిగతావాళ్ళ భోజనాలయ్యాక ఆ షెడ్డు గుమ్మంలో కూర్చుని కనకరత్నంతో కలిసి తినేది ఆమే. తన పెరట్లో కాసిన మునక్కాయలు కనకరత్నానికి తెచ్చిపెడుతుంది. వానాకాలం వస్తే చాలు, దగ్గుతో రాత్రి నిద్రుండదు.

కనకరత్నం వెళ్ళేసరికి నూకాలు కొత్త చీపురుకు తాడు బిగిస్తోంది.

"నూకాలూ, ఆ గది ఊడవకు."

"మీరు ఊడవొద్దంటన్నారు, సూపర్నెంటుగోరు ఊడవమంటన్నారు. నేనెవరి మాటినాలమ్మగోరూ?"

"అది మామూలు దుమ్ము కాదే. చీపురు తగిలిందంటే మళ్ళీ గాల్లోకి లేస్తుంది."

"మూతికి గుడ్డ కట్టుకుంటాలెండి."

"గుడ్డలోంచి దూరిపోతుంది. కంటికి కూడా కనపడదు."

నూకాలు నవ్వింది. "కనపడందానికి బయపడి కనపడే జీతం మానుకోమంటారా? మీకంటే మెమో ఇత్తారు. నాకు మెమో కూడా ఇవ్వరమ్మా. రేపట్నించి రావద్దంటారు, అంతే. నేను ఊడవకపోతే ఇంకోత్తిని తెత్తారు. అదీ ఊడుత్తాది. దానికి మీరు చెప్పను కూడా చెప్పరు."

కనకరత్నం, "ఇవాళ్టికి నడుం నొప్పని చెప్పు. రేపటికి నేనేదో చూస్తాను," అని వచ్చేసింది. ఏం చూడాలో మాత్రం తెలియలేదు.

ఇంటికి వెళ్ళాక కూడా అదే ఆలోచన. వంటింట్లో సింకు కుళాయి టప్పు టప్పుమని కారుతోంది. అసలే చిరాగ్గా ఉందేమో, భర్త సీతాపతి మీద విరుచుకుపడింది. "ఈ కుళాయి ఎప్పుడు బాగుచేయిస్తారు? బక్కెట్లు నిండిపోతున్నాయి."

"ఎలా చేయిస్తానే? అపార్ట్‌మెంటు అసోసియేషన్లో కంప్లయింటు ఇచ్చాను కదా," అన్నాడాయన పేపరు దించకుండా.

"ఇస్తే?"

"ఇస్తే ఏమిటి, అది పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉండగా ప్లంబరు ముట్టుకోడు, నేను ముట్టుకోకూడదు, నువ్వూ ముట్టుకోకూడదు. తేలాక చూస్తారు."

కనకరత్నం పప్పుగరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆనక, చాలా రోజుల తర్వాత మొదటిసారిగా మొగుడికేసి ప్రేమగా చూసి, ఆయనడక్కుండానే కాఫీ కలిపిచ్చింది. ఆయన పేపరు దించి, కాఫీకేసి కాస్త అనుమానంగా చూశాడు. ఇల్లు కనుక అనుమతి అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ దరఖాస్తు పెట్టింది. 'అయ్యా, భోజనశాలలో రాలిన పొడి విషయమై అనుమానించుటకు దయతో అనుమతి ఇప్పించగలరని ప్రార్థన.'

సత్యానందంగారు దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన చేతికి ఇంత శుద్ధమైన దరఖాస్తు రాలేదు.

"అనుమానం ఏ స్థాయిదో రాయలేదమ్మా. స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా?"

"ఏది రాస్తే బావుంటుందంటారు?"

"తీవ్రమంటే పై కమిషనరుగారికి పంపాలి. స్వల్పమంటే పట్టించుకోరు. మధ్యస్థం రాయండి, అందరికీ మర్యాదగా ఉంటుంది." ఆయన మళ్ళీ చదివాడు. "ఇంకో చిక్కుంది. ఆ పొడి మీద అనుమానించడానికి అనుమతి కావాలంటున్నారంటే, ఇప్పటికే కాస్త అనుమానం ఉన్నట్టే కదా! అనుమతి రాకముందే అనుమానించారని మీకు మెమో ఇవ్వాల్సొస్తుంది."

"ఇవ్వండి సార్. దానికి జవాబిస్తాను. ఆ జవాబు మీద మీరు వివరణ అడగండి. ఈలోగా గది ఊడవడం మాటేమిటండీ?"

"ఊడవడమా? దస్త్రం నడుస్తుండగా ఊడవడమేమిటి?" సత్యానందంగారు నిజంగానే నొచ్చుకున్నాడు. "యథాతథ స్థితి కొనసాగాలి. తడిగుడ్డ కూడా యథాతథంగా ఉండాలి. ఆరిపోతే మళ్ళీ తడపమని నూకాలుకు నేను చెబుతాను."

ప్రమాదమంటే ఎవరూ ఆగలేదు. దస్త్రమంటే అందరూ ఆగిపోయారు. కనకరత్నం సీటుకు వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఇక ఆవిడ పనల్లా ఆ ఫైలుకు కునుకు పట్టకుండా చూడడమే. సత్యానందంగారు ఒక కొర్రీ వేస్తే ఆవిడ జవాబుతోపాటు ఇంకో సందేహం తగిలించి పంపేది. పసిపిల్లకు ఉగ్గు పెట్టినట్టు పూటపూటకూ దానికింత పెట్టి పోషించింది. అనుమాన పరిశీలనా కమిటీ అని ఒకటి వేశారు. ఆ కమిటీవాళ్ళు గది తెరిచి చూస్తామని వచ్చారు.

"తప్పకుండా చూడండి," అంది కనకరత్నం. "మరి మీకు అనుమానం ఉండి చూస్తున్నారా, లేకుండా చూస్తున్నారా?"

అనుమానం ఉంటే అనుమతి లేదు. లేకపోతే చూడడమెందుకు? కమిటీవాళ్ళు గుమ్మం ముందు గ్రూపు ఫొటో దిగి వెళ్ళిపోయారు.

అయితే ఉత్తర్వు ఆ ఒక్క గదికి సంబంధించినది కాదు కదా, ఆఫీసంతటికీ వర్తించేది. ఆ ఆఫీసు ఉన్నదే గోనెసంచుల్ని అనుమానించడానికి. మిల్లునుంచి లోడు వస్తే ఇన్‌స్పెక్టర్లు సంచి విప్పి, నేత పలచగా ఉందేమో, కుట్టు ఊడుతుందేమో, చినుగులున్నాయేమో చూడాలి. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు సంచిని వెలుగుకు ఎత్తి పట్టుకోవడానికి భయపడ్డాడు. వెలుగుకు పట్టుకోవడమంటేనే అనుమానించడం. ఆవైపు నుంచి చూస్తే ఈవైపు నిలబడ్డ మనిషి కనపడే సంచులక్కూడా మొదటి రకం ముద్ర పడింది. మిల్లు యజమానులు ఆనందం పట్టలేక పూతరేకులు పంపించారు. లోపల బెల్లమేనా, మరేదైనానా అని ఎవరూ అనుమానించకుండా తినేశారు.

వరండాలో ఉంచిన, ఇంకా బిగించని కొత్త సీలింగు ఫ్యానును ఎవరో భుజాన వేసుకుని వాచ్‌మన్ ముందునుంచే నడిచి వెళ్ళిపోయాడు.

"నీ కళ్ళముందే పట్టుకుపోతుంటే అడగలేదా?" అని పానకాలరావుగారు కేకలేశారు.

"అడగాలంటే అనుమానం రావాలి కదండీ," అన్నాడు వాచ్‌మన్ చేతులు కట్టుకుని. "పర్మిషనుకి పెట్టాను. ఇంకా రాలేదు."

వీటన్నిటికీ తోడు షెడ్డు తలుపు వెనక నుంచి వాసన మొదలైంది. అందులో కొరమీను పులుసుదే సింహభాగం. వాసన ఎక్కడినుంచి వస్తోందో ఆఫీసులో అందరికీ తెలుసు. కాని ఎక్కడినుంచో అనుమానించే హక్కు ఎవరికీ లేదు కాబట్టి, ముక్కులు మూసుకుని, ఒకరినొకరు పలకరించుకుంటూ పనిచేసుకున్నారు. సత్యానందంగారు మాత్రం మధ్యాహ్నం పూట ఆ తలుపు దగ్గర కాసేపు మౌనంగా నిలబడి వచ్చేవాడు.

కమిషనరుగారి రాక రేపనగా పానకాలరావుగారికి చెమటలు పట్టాయి. భోజనశాలకు తాళం. ఫ్యాను లేదు. వాసన ఉంది. ఆయన ఆ ఫైలు తెప్పించుకుని ఒక్క వాక్యం రాసిపడేశారు. 'అనుమతి నిరాకరించడమైనది.'

ఫైలు మూతపడింది. యథాతథ స్థితి పోయింది. పొద్దున్నే సత్యానందంగారు తలవంచుకుని వచ్చి, "కమిషనరుగారు దిగేలోపు ఊడ్చెయ్యాలట నూకాలూ," అన్నాడు. తన గిన్నె దొరుకుతుందన్న సంతోషం కూడా ఆ మొహంలో లేదు.

నూకాలు కొంగు మూతికి చుట్టుకుంది. చీపురు తీసుకుంది. కనకరత్నం పరుగులాంటి నడకతో వచ్చి గడియ మీద చెయ్యి వేసి నిలబడింది.

"తప్పుకోండమ్మగోరూ. కాగితం రాసే రోజులు దగ్గిర పడ్డాయి."

"తప్పుకోను. ముందు నన్ను ఊడ్చి, తర్వాత గది ఊడుచుకో."

అప్పుడే వరండా చివర అడుగుల చప్పుడైంది. కమిషనరుగారు చెప్పిన వేళకన్నా ముందే వచ్చేశారు. పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. పక్కన పానకాలరావుగారు నడుస్తూ, అనుమానాల క్రమబద్ధీకరణ గురించి వివరిస్తున్నారు.

"వెరీ గుడ్. నా సర్వీసులో ఇలాంటి చొరవ చూడలేదు," అంటున్నారు కమిషనరుగారు. "అంటే ఈ త్రైమాసికంలో ఈ కార్యాలయంలో ఒక్క అనుమానం కూడా నమోదు కాలేదా?"

"ఒకే ఒక్కటి దరఖాస్తు దశకు వచ్చింది సార్. ప్రాథమిక దశలోనే నిరాకరించాం. ఇదే ఆ గది. భోజనం ఏర్పాట్లు ఇందులోనే."

కమిషనరుగారు తలుపు వంక చూశారు. కిందనున్న తడిగుడ్డ చూశారు. గడియకడ్డంగా నిలబడ్డ ఆవిడనూ, చీపురు పట్టుకున్న ఈమెనూ చూశారు. ముక్కు కాస్త ముడిచారు. "ఏం జరిగిందిక్కడ?"

కనకరత్నం గడియ వదల్లేదు. "రేకు పగిలి పొడి రాలిందండి. ఏం పొడో నేను చెప్పకూడదు. నిరాకరించారు."

"ఏమీ లేదు సార్. మామూలు దుమ్ము," అన్నారు పానకాలరావుగారు. "తలుపు తియ్యండి. సార్ లోపలికి వస్తారు."

కనకరత్నం ఆయన మొహంలోకి సూటిగా చూసి, గడియ మీద నుంచి చెయ్యి తీసేసి పక్కకు జరిగింది. "అలాగేనండి. మామూలు దుమ్మంటున్నారు కదా. మీరు ముందు పదండి సార్. మీరు దారి చూపిస్తే కమిషనరుగారు వస్తారు. నూకాలు మీ వెనకాలే ఊడ్చుకుంటూ వస్తుంది."

నూకాలు తాళం తీసి గడియ మీద చెయ్యి వేసింది. "తియ్యమంటారాండీ అయ్యగోరూ?"

పానకాలరావుగారు ఒకడుగు ముందుకు వేశారు. తర్వాత ఆ అడుగు దానంతటదే వెనక్కి వచ్చేసింది. దాని వెంట రెండోది కూడా వచ్చింది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టింది. ఆ పనులేవీ ఆయన చేసినట్టు లేదు, వాటంతటవే జరిగిపోయాయి.

"అదేటండీ, ఎనక్కెళ్ళిపోతన్నారు?" అంది నూకాలు. "తవరికేటైనా అనుమానమాండీ?"

"అనుమానమేమీ లేదు. వాసన కొంచెం... రండి సార్, మీరు ముందు," అన్నారాయన రుమాల్లోంచి.

"నేనెందుకు ముందు?" అన్నారు కమిషనరుగారు. ఆయన కూడా ఇప్పటికే గుమ్మానికి చాలా దూరంలో ఉన్నారు. "మీకు అనుమానం లేదంటున్నారుగా. వెళ్ళండి."

"లేదు సార్. అంటే... కొద్దిగా..."

"కొద్దిగా?"

సత్యానందంగారి చేతిలోకి అలవాటు కొద్దీ పెన్ను వచ్చేసింది. "స్వల్పమా సార్, మధ్యస్థమా, తీవ్రమా?"

నూకాలు గడియ కిర్రుమనిపించింది.

"తీవ్రం!" అని అరిచారు పానకాలరావుగారు. "తియ్యకే! తీవ్రమైన అనుమానం! ఎవరూ తలుపు తియ్యకండి!"

సత్యానందంగారు రాసుకున్నాడు. అనుమతి ఇవ్వవలసిన అధికారికే అనుమానం కలిగినప్పుడు వేరే అనుమతి అవసరం లేదన్న సంగతి ఆ ఉత్తర్వులో ఎక్కడా రాయలేదు. కాని కాదనడానికి అక్కడెవరికీ ధైర్యం లేకపోయింది. "మంజూరైంది," అన్నాడాయన మెల్లగా. కనకరత్నం నూకాలు చేతిలోంచి చీపురు తీసుకుని గోడకు ఆనించింది. కమిషనరుగారు ఆ పూట భోజనం గోనె నమూనాల గదిలో, మొదటి రకం సంచుల మీద కూర్చుని చేశారు.

ఆ తర్వాత అన్నీ త్వరగా జరిగాయి. తీవ్రమైన అనుమానం కమిషనరు స్థాయిది కదా. పట్నం నుంచి ఆ పని నేర్చినవాళ్ళు వచ్చారు. ఒళ్ళంతా కప్పే తెల్లని దుస్తులు, మొహాలకు మాస్కులు వేసుకుని లోపలికి వెళ్ళారు. పొడి లేవకుండా అంతా తడిపి, తుడిచి, రేకులు విప్పి, మందపాటి కవర్లలో చుట్టి మూతులు బిగించారు. పరీక్షకు పంపిన ముక్క, అవును, అదేనని తేల్చింది. తెరిచి ఉన్న గిన్నెలన్నీ వాళ్ళే కవర్లలో కట్టి పట్టుకుపోయారు. కొరమీను పులుసు పుర్రె బొమ్మ వేసిన కవర్లో లారీ ఎక్కుతుంటే సత్యానందంగారు గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు. ఇంకో కవర్లో పేరు చెక్కిన క్యారియరు కూడా వెళ్ళిపోయింది. కనకరత్నం దాన్ని చూసి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. కదపొద్దన్నది తనే. తన గిన్నె ఒక్కటీ తెచ్చి ఇమ్మని ఎలా అడుగుతుంది?

స్వాతంత్ర్య దినోత్సవం నాడు పానకాలరావుగారికి 'సకాలంలో అనుమానించినందుకు' శాలువా కప్పి, ప్రశంసాపత్రం ఇచ్చారు. అనుమానించే అధికారం ఎప్పుడూ పై స్థాయిలోనే ఉండాలని తాను మొదటి నుంచీ చెబుతున్నానని ఆయన ప్రసంగించారు. వాచ్‌మన్ దరఖాస్తు కూడా అదే రోజు మంజూరైంది. ఫ్యానును ఇప్పుడు అనుమానించవచ్చు.

కనకరత్నానికి మెమో వచ్చింది. 'భోజనశాల విషయమై సమర్థుడైన అధికారి కన్నా ముందుగా మీరు అనుమానించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలెను.'

షెడ్డుకి ఇప్పుడు కొత్త ఇనప రేకులు. గచ్చు అద్దంలా ఉంది. పొద్దున నూకాలు చీపురుకు పని లేనంత శుభ్రంగా ఉంది కదా అంటూనే ఊడ్చి, దగ్గకుండా పని ముగించి వచ్చింది. కాగితం కూడా తిరగరాశారు. అందరి భోజనాలూ అయ్యాక ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. కనకరత్నం పేరు లేని కొత్త క్యారియరు మూత మీద మెమో పెట్టుకుని జవాబు రాస్తోంది.

"ఏటి రాత్తన్నారమ్మగోరూ? తప్పయిపోయిందనా?"

"ఊఁ. చదవనా?"

"సదవండి."

కనకరత్నం గొంతు సవరించుకుంది. "'అయ్యా, జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను. ఇకమీదట ఎటువంటి పరిస్థితిలోనూ తమరి తర్వాతే అనుమానిస్తానని హామీ ఇస్తున్నాను. ముందు తలుపు మాత్రం వేసుకుంటాను.'"

నూకాలు, "తడిగుడ్డ మాట కూడా రాయండి," అంటూ మునక్కాయ ముక్క ఆవిడ కంచంలో వేసింది.